మన తలుపు ఎవరూ ఎందుకు తట్టరు?

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక మీలో కొందరికి నా మీద కోపం వస్తుంది. వస్తే రానివ్వండి. శనివారం రాత్రి భోజనాల దగ్గర ఈ మాటలు నేను చాలాసార్లే అన్నాను. అన్నప్పుడల్లా ఎవరో ఒకరు "వదినా, ముద్దపప్పు వేసుకోలేదేం?" అంటూ మాట మార్చేశారు. కాగితం మీదైతే మాట మార్చడం కుదరదు కదా అని రాస్తున్నాను.

2024 జూన్ 3, రాత్రి పదిన్నర. న్యూజెర్సీలో మా సబ్‌డివిజన్‌లోనే ఒక మిత్రుల ఇంటి బేస్‌మెంట్. అప్పటికి ఇండియాలో జూన్ 4 ఉదయం ఎనిమిదయింది. ఓట్ల లెక్కింపు మొదలైంది. ముప్పైమందిమి చేరాం. రెండు టీవీలు, రెండు సోఫాలు, రెండు పార్టీలు. మధ్యలో మిర్చి బజ్జీలు. ఏ నియోజకవర్గంలో ఎన్నో రౌండు, ఎవరికెంత ఆధిక్యం, కిందటిసారి ఎవరు ఎంతతో ఓడారు, అన్నీ నోటికొచ్చినవాళ్ళే అందరూ. తెల్లవారుజామున నాలుగింటికల్లా సంగతి తేలిపోయింది. 175 సీట్లలో చివరికి కూటమికి 164. ఒక సోఫా మీదివాళ్ళు మిఠాయిలు పంచారు, రెండో సోఫా మీదివాళ్ళు మొహాలు వేలాడేసుకుని కార్లెక్కారు.

సరిగ్గా అదే రోజు, జూన్ 4 పొద్దున ఆరింటికి, ఆ బేస్‌మెంటుకి అరమైలు దూరంలో ఉన్న ఎలిమెంటరీ స్కూలు జిమ్‌లో మా ఊరి ప్రైమరీ ఎన్నిక మొదలైంది. రాత్రి ఎనిమిదింటిదాకా తలుపులు తెరిచే ఉన్నాయి. ఆ ముప్పైమందిలో అమెరికా పౌరులు ఇరవై ఇద్దరు. వాళ్ళలో వచ్చి ఓటు వేసినవాళ్ళు ముగ్గురు. అందులో ఒకతెను నేను, ఇంకొకరు మా వారు. మూడో ఆయన వాళ్ళబ్బాయిని స్కూల్లో దింపడానికి వచ్చి, బోర్డు చూసి లోపలికొచ్చాడు.

అంటే ఓటు హక్కు లేని ఊరి ఎన్నిక కోసం రాత్రంతా మేలుకున్నాం. ఓటు హక్కున్న ఊరి ఎన్నిక వేళకి నిద్రపోయాం.

"ఎవరు వేశారో, ఎవరు వెయ్యలేదో నీకెలా తెలుసు?" అని మీరడుగుతారు. నా వ్యాసమంతా ఆ ప్రశ్న మీదే ఉంది. ఎవరికి వేశారన్నది రహస్యం. వేశారా లేదా అన్నది మాత్రం రహస్యం కాదు. ఏ ఎన్నికలో ఓటు వేశారో, ఏ ఎన్నికకు రాలేదో మీ పేరుకెదురుగా రికార్డులో ఉంటుంది. పార్టీలు ఆ జాబితా తెచ్చుకుంటాయి, అభ్యర్థులు తెచ్చుకుంటారు. మా పేటకి పార్టీ కమిటీ సభ్యురాలిని గనక నా దగ్గరా ఒకటి ఉంది. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. నాకూ 2011 దాకా తెలియదు. ఎలా తెలిసిందో చెబుతాను.

ఆ ఏడు మా అత్తగారూ మామయ్యగారూ గుంటూరు నుంచి వచ్చారు. అమెరికా వచ్చిన పెద్దవాళ్ళకి ఇక్కడ ఉన్న కాలక్షేపం ఏమిటో మీకు తెలుసు. పొద్దున టీవీ, సాయంత్రం షికారు. మా సబ్‌డివిజన్ నుంచి స్కూలు దాకా ఉన్న రోడ్డుకి అప్పట్లో సైడ్‌వాక్ లేదు. పిల్లలు స్కూలుకీ, పెద్దవాళ్ళు షికారుకీ రోడ్డు అంచు పట్టుకుని నడిచేవాళ్ళు. అక్టోబరులో ఒక సాయంత్రం వెనకనుంచి వచ్చిన కారు అద్దం తగిలి మామయ్యగారు కింద పడ్డారు. ముంజేయి విరిగింది. ఆ వయసులో విరిగిన ఎముక అతకడానికి ఎన్నాళ్ళు పడుతుందో, విజిటర్స్ ఇన్సూరెన్సు వాళ్ళు ఎన్ని కొర్రీలు పెడతారో అనుభవించినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. "నన్ను మన ఊరు పంపించెయ్యమ్మా, అక్కడ గేదెలు కూడా చూసి తప్పుకుంటాయి" అన్నారాయన. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

మేం ఇంటింటికీ తిరిగి నూట ఎనభై సంతకాలు పోగుచేసి టౌన్‌షిప్ కౌన్సిల్ సమావేశానికి పట్టుకెళ్ళాం. ప్రతి మనిషికీ మూడు నిమిషాలిచ్చారు. మర్యాదగా విన్నారు, తలలూపారు. సంతకాల కాగితాలు ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు ఊళ్ళో సైడ్‌వాక్ పడింది. మా రోడ్డు మీద కాదు, ఊరికి అవతలివైపు యాభై అయిదేళ్ళు దాటినవాళ్ళ కాలనీ దగ్గర.

మేం ఏమనుకున్నామో చెప్పాలా? "మనం తెల్లవాళ్ళం కాదు కదా, అందుకే" అనుకున్నాం. అలా అనుకోవడంలో ఒక సుఖముంది. తప్పంతా అవతలివాళ్ళ మీదకి పోతుంది. మన మీద పనేమీ మిగలదు.

ఆ తరువాత వసంతకాలంలో ఒక శనివారం, మా వీధిలో ఒక పెద్దావిడ చేతిలో క్లిప్‌బోర్డు పెట్టుకుని నడుస్తోంది. డెబ్బై ఏళ్ళుంటాయి. మా పక్కింటి తలుపు తట్టింది, మా ఇల్లు దాటేసింది, రెండిళ్ళవతల తలుపు తట్టింది. నేను వెనకాలే వెళ్ళి, "మా ఇల్లెందుకు వదిలేశారు?" అని అడిగాను. ఆవిడ ఏమీ దాచలేదు. క్లిప్‌బోర్డు నా వైపు తిప్పి చూపించింది. ప్రైమరీలో క్రమం తప్పకుండా ఓటు వేసేవాళ్ళ పేర్లు మాత్రమే అందులో ఉన్నాయి. మా వీధిలో పద్నాలుగు ఇళ్ళుంటే, అందులో తొమ్మిది తెలుగిళ్ళు. ఆ కాగితం మీద ఉన్నవి నాలుగు ఇళ్ళు. ఒక్కటీ మనది కాదు.

"నాకున్నవి రెండు కాళ్ళు, నాలుగు శనివారాలు. రానివాళ్ళ తలుపు తట్టి ఏం చెయ్యను?" అందావిడ. ఆ కాలనీ ఉన్న పేజీ కూడా తిప్పి చూపించింది. వరసాగ్గా ప్రతి ఇంటి పేరూ ఉంది. వాళ్ళు జూన్‌లో ప్రత్యేకంగా బస్సు మాట్లాడుకుని మరీ వెళ్తారట.

నూట ఎనభై సంతకాలకి విలువ ఎందుకు రాలేదో నాకు అప్పుడర్థమైంది. సంతకాలు చేసినవాళ్ళు ఎవరో కౌన్సిల్ వాళ్ళకి తెలుసు. జూన్‌లో రానివాళ్ళని కూడా తెలుసు.

మరి జూన్ ఎందుకు? నవంబరులో వేస్తున్నాం కదా అంటారు మీరు. వేస్తున్నారు, అదీ నాలుగేళ్ళకోసారి, అధ్యక్షుడి కోసం. కానీ మా ఊరిలాంటి ఊళ్ళల్లో ఏదో ఒక పార్టీదే ఎప్పుడూ పైచేయి. ఆ పార్టీ ప్రైమరీలో గెలిచినవాడే కౌన్సిలర్. పెళ్ళి జూన్‌లోనే అయిపోతుంది, నవంబరులో జరిగేది రిసెప్షన్. మనం రిసెప్షన్‌కి వెళ్ళి అక్షింతలు వేసి, పెళ్ళికొడుకు మనకి నచ్చలేదని గొణుక్కుంటూ ఇంటికొస్తున్నాం.

అసలు ప్రైమరీ అంటే ఏమిటో మనకి అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాకూడదు. మనం పుట్టి పెరిగిన రాజకీయం ఎలాంటిది? టిక్కెట్టు ఎవరికన్నది ఢిల్లీలోనో, హైదరాబాదులో ఒక ఇంట్లోనో తేలుతుంది. బి-ఫారం చేతిలో పడేదాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు. సీల్డు కవరులో ముఖ్యమంత్రులు దిగిన రోజులు మనం చూశాం. 1983లో రాష్ట్రమంతా ఊగిపోయిందంటే అందులో ఆ కోపానిది చాలా పాలుంది. అలాంటి చోటినుంచి వచ్చినవాళ్ళం. టిక్కెట్టు ఎవరికివ్వాలో నువ్వే చెప్పమని ఈ దేశం మన చేతికి కాగితమిస్తే, నిద్రొస్తోందంటున్నాం.

ఇక్కడ మాత్రం హైకమాండ్ లేదా అంటే, ఉంది. న్యూజెర్సీలో దాని పేరు కౌంటీ లైన్. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ లేని పద్ధతి. కౌంటీ పార్టీ మద్దతు ఉన్నవాళ్ళందరినీ అధ్యక్ష అభ్యర్థి నుంచి టౌన్‌షిప్ కౌన్సిల్ దాకా బ్యాలెట్ మీద ఒకే వరసలో అచ్చువేస్తారు. లేనివాళ్ళ పేర్లు ఎక్కడో మూలకి పోతాయి. 21 కౌంటీల్లో 19 కౌంటీలు ఇలాగే చేసేవి. ఆ వరసలో చోటు దొరికితే సగం గెలిచినట్టే. 2024 ఫిబ్రవరిలో సెనేట్‌కి పోటీచేస్తున్న ఆండీ కిమ్ దీని మీద ఫెడరల్ కోర్టుకి వెళ్ళాడు. మార్చి 29న జడ్జి జాహిద్ ఖురేషీ ఆ బ్యాలెట్‌ని నిలిపేశాడు. అప్పీళ్ళ కోర్టు ఏప్రిల్‌లో ఆ తీర్పుని సమర్థించింది. 2025లో రాష్ట్రం చట్టమే మార్చింది. ఇప్పుడు ఒక పదవికి పోటీచేసేవాళ్ళందరి పేర్లూ ఒకేచోట ఉంటాయి.

ఆండీ కిమ్ ఆ నవంబరులో సెనేట్‌కి ఎన్నికైన మొదటి కొరియన్ అమెరికన్ అయ్యాడు. తల్లిదండ్రులు వలసవచ్చిన ఇంటి పిల్లవాడు. మన పిల్లల్లాంటివాడు.

కోర్టు తీర్పు తరువాత డెమొక్రాట్ల బ్యాలెట్ మారి, మొదటిసారి ఎన్నిక జరిగిన రోజేదో తెలుసా? 2024 జూన్ 4. మనం బేస్‌మెంట్‌లో రాత్రంతా మేలుకుని, పగలు పడుకున్న రోజు. ఊరి పెద్దల గుప్పిట్లో ఉన్న తాళం ఊడివచ్చిన రోజున మనం తలుపు తొయ్యడానికి కూడా వెళ్ళలేదు.

ఇక మన సాకులు. ఇన్నేళ్ళలో తలుపులు తట్టి తట్టి నాకన్నీ కంఠతా వచ్చేశాయి.

"అక్కా, ఈ రాజకీయాలు మనకెందుకు?" తమ్ముడూ, నువ్వు ఏడాదికి కట్టే ప్రాపర్టీ టాక్సు అంకె నాకు అప్పచెప్పగలవు. దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో చెప్పేవాణ్ణి ఎన్నుకోవడం రాజకీయమా?

"నేను ఏ పార్టీకీ చెందను." సంతోషం. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్ళు ప్రైమరీ రోజున పోలింగు దగ్గరే ఏదో ఒక పార్టీని ఎంచుకుని ఓటు వెయ్యొచ్చు. ఒక పార్టీలోంచి ఇంకోదానిలోకి మారేవాళ్ళే 55 రోజుల ముందు చెప్పాలి. ఏ పార్టీ అన్నది నాకక్కర్లేదు. నేను డెమొక్రాట్‌ని, మా ఎదురింటాయన రిపబ్లికన్. నాతో వాదించడానికైనా ఆయన జూన్‌లో వెళ్ళి ఓటు వెయ్యాలనే నా కోరిక.

"ఓటరుగా నమోదైతే జ్యూరీ డ్యూటీకి పిలుస్తారట." పిలిచేవాళ్ళు ఎలాగూ పిలుస్తారు. మా రాష్ట్రంలో జ్యూరీ జాబితాకి డ్రైవింగ్ లైసెన్సులూ, పన్ను కట్టినవాళ్ళ పేర్లూ కూడా తీసుకుంటారు. కారు నడపడం మానేస్తారా?

"ఒక్క ఓటుతో ఏమవుతుంది?" అధ్యక్ష ఎన్నికలో ఏమీ కాకపోవచ్చు. 2018లో న్యూయార్క్‌లో అలెగ్జాండ్రియా ఒకాసియో-కార్టెజ్ పదిసార్లు గెలిచిన కాంగ్రెస్ సభ్యుణ్ణి ప్రైమరీలో ఓడించినప్పుడు, మొత్తం పడిన ఓట్లు ముప్పై వేలకి లోపే. 2014లో వర్జీనియాలో సభలో రిపబ్లికన్ల నాయకుడైన ఎరిక్ కాంటర్‌ని ఇంటికి పంపించిందీ ప్రైమరీ ఓటర్లే. మా ఊరి లెక్క ఇంకా చిన్నది. నేను పార్టీ కమిటీకి పోటీచేసినప్పుడు నాకు పడిన ఓట్లు 31. అవతలి ఆవిడకి 26. మన శనివారం భోజనాలకి వచ్చేవాళ్ళు అంతకన్నా ఎక్కువమందే.

ఆ కమిటీ అంటే చాలామందికి నవ్వు. ప్రతి పోలింగు పేటకీ మామూలుగా ఇద్దరు సభ్యులు. జీతం లేదు, కుర్చీ లేదు, కారు మీద స్టిక్కరు కూడా లేదు. కానీ ఊరి పార్టీ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది వాళ్ళు. రాష్ట్ర శాసనసభ్యుడెవరైనా మధ్యలో తప్పుకుంటే, ఆ సీట్లో ఎవరు కూర్చోవాలో తేల్చేదీ ఆ పార్టీ కమిటీ సభ్యులే. ఇలాంటి సీట్లు చాలా ఊళ్ళల్లో పోటీచేసేవాడు లేక ఖాళీగా ఉంటాయి. మన సంఘాల్లో మాత్రం ఉపకోశాధికారి పదవికి కూడా మూడు వర్గాలు, రెండు కులాలు, ఒక కోర్టు కేసు.

నొప్పి పుట్టినా ఇది అనక తప్పదు. మన సంఘాల మహాసభలకి గవర్నర్లొస్తారు, కాంగ్రెసువాళ్ళొస్తారు. శాలువాలు కప్పుతాం, ఫొటోలు దిగుతాం, వాటిని ఫ్రేము కట్టించుకుంటాం. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత. ఫొటో దిగిన నాయకుడికి మన ముఖం గుర్తుండదు. జాబితా చూసే అతని మనిషికి మన పేరెదురుగా ఉన్న ఖాళీ గుర్తుంటుంది. డబ్బిచ్చేవాళ్ళు కావాలంటే మనం గుర్తొస్తాం. పార్టీవాళ్ళ సభకి సమోసాలు కావాలన్నా మనమే. నేనూ మూడేళ్ళు మోశాను ఆ ట్రేలు. నాలుగో ఏట, "సమోసాలు ఇంకొకర్ని తెమ్మనండి, నాకు కమిటీలో సీటు కావాలి" అన్నాను. గదిలో ఒక్క నిమిషం నిశ్శబ్దం. ఎవరూ పిలిచి ఇవ్వలేదు. సంతకాలు పోగుచేసుకుని పోటీచేసి తెచ్చుకున్నాను. అమ్మ అయినా అడగందే పెట్టదన్నారు. వీళ్ళు మన అమ్మలు కూడా కాదు.

ఈ దారిన ముందే నడిచినవాళ్ళు లేకపోలేదు. తెలుగువాడైన ఉపేంద్ర చివుకుల ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్ నుంచి మొదలుపెట్టి 2002లో న్యూజెర్సీ అసెంబ్లీలో అడుగుపెట్టాడు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ వృత్తి రోడ్లూ రవాణా చూసే ఇంజనీరు. మేరీలాండ్ శాసనసభకి ఎన్నికయింది, 2018లో కాంగ్రెస్ ప్రైమరీలో ఓడింది, 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచింది. ఓడాక ఇంట్లో కూర్చోలేదు. అలాగని తెలుగు పేరు కనబడగానే కళ్ళు మూసుకుని ఓటెయ్యమని నేననను. ఆ జబ్బు మనకి అక్కడే ఉంది, ఇక్కడికి తెచ్చుకోవద్దు. వాడేం చేస్తానంటున్నాడో అడగండి. అడగాలంటే ముందు వాడు మన తలుపు తట్టాలి.

ఇంకా పౌరసత్వం రాని పిల్లలకి ఒక మాట. మా ఇంటికొచ్చే కుర్రాడొకడు, "ఆంటీ, హెచ్‌-1లో ఉన్నాం, మాకేం పని?" అన్నాడు. నాయనా, నీకు ఓటు లేదు. ఓటరుగా నమోదు కావడం నేరం. లైసెన్సు ఆఫీసులో ఆ గడిలో పొరపాటున కూడా టిక్కు పెట్టకు. గ్రీన్‌కార్డు లేకుండా అభ్యర్థికి చందా ఇవ్వడమూ నేరమే. కానీ జీతం తీసుకోకుండా వలంటీరుగా పనిచెయ్యొచ్చు. ఓటున్న మీ బాబాయి ఇంటి తలుపు తట్టి, ఆయన్ని సోఫాలోంచి లేపి, కారెక్కించు. ఇక గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్ళు దాటినా "చూద్దాంలే" అంటూ పౌరసత్వం కాగితాలు డ్రాయరులో పెట్టుకున్న పెద్దలకి నేను చెప్పగలిగింది ఒక్కటే. 1923లో ఇదే దేశపు సుప్రీం కోర్టు భారతీయులు పౌరులు కావడానికి పనికిరారంది. 1946లో చట్టం మారేదాకా పొలాల్లో చెమటోడ్చినవాళ్ళకీ ఆ కాగితం దొరకలేదు. దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడయ్యాడు. స్థానిక పార్టీ కమిటీలో పనిచేశాడు, 1956లో కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. మొత్తం ఏడేళ్ళు. మనం డ్రాయరు తెరవడానికి అంతకన్నా ఎక్కువే తీసుకుంటున్నాం.

మా రోడ్డు సంగతి చెప్పి ముగిస్తాను. 2012 నుంచి ప్రతి జూన్‌కీ ముందు నేనూ మరో ముగ్గురు ఆడవాళ్ళమూ మా పేటలో మన ఇళ్ళన్నీ తిరిగాం. మొదటి ఏడు పదకొండుమంది వచ్చారు. మూడో ఏటికి యాభై దాటారు. 2015లో మా రోడ్డుకి సైడ్‌వాక్ పడింది. ఓట్ల వల్లే పడిందని నేను ప్రమాణం చెయ్యలేను. ఆ ఏడు మాత్రం కౌన్సిల్ అభ్యర్థులిద్దరూ మా తలుపు తట్టారు. ఇద్దరూ కూర్చుని, కాఫీ తాగి, ఆ రోడ్డు దాకా నడిచివచ్చి చూశారు. నూట ఎనభై సంతకాలు పట్టుకెళ్ళిన రోజున ఎవరూ నడిచి రాలేదు.

మామయ్యగారు ఆ సైడ్‌వాక్ మీద నడవలేదు. విరిగిన చేత్తో వెళ్ళినవారు మళ్ళీ అమెరికా రానన్నారు, రాలేదు. 2016లో పోయారు.

తరువాత మావాళ్ళకీ బద్ధకం వచ్చింది. యాభై కాస్తా తగ్గుతూ తగ్గుతూ, 2024లో ఆ బేస్‌మెంట్ దగ్గరకి వచ్చి ఆగింది. ఇప్పుడదే స్కూలు దగ్గర పిల్లలు రోడ్డు దాటేచోట నిలబడే గార్డుని తీసేద్దామన్న మాట బడ్జెట్టు చర్చల్లో వినబడుతోంది. ఆ మాట అన్నాయన కిందటి ప్రైమరీలో మా పేటకి రానేలేదు. జాబితా చూసుకుని ఉంటాడు.

వచ్చే జూన్‌లో పోలింగు పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా. స్కూలు జిమ్‌లో. సైడ్‌వాక్ మీద నడిచివస్తే పది నిమిషాలు.